బడి షూ మూడు నెలలు కూడా ఆగడం లేదు. పిల్లల కాళ్లకు ఏవి కొనాలి?

హన్మకొండ అమ్మ | మే 22, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు ఇద్దరు పిల్లలు. బాబు జూన్‌లో నాలుగో తరగతికి వెళ్తాడు, పాప ఏడుకు. పోయిన ఏడాది బాబుకు మూడు జతల నల్ల షూ కొన్నాం. మొదటి జత వినాయక చవితి నాటికే ముందు నోరు తెరిచింది. రెండోది సంక్రాంతికి వేళ్ల దగ్గర అడ్డంగా పగిలింది. మూడోది చిరగలేదు కానీ అది వేసుకున్నప్పుడు వాడి నడక ఎందుకో తేడాగా ఉంటోంది. ఒక్కో జత 450 నుంచి 500 దాకా పడింది.

పాప సంగతి వేరు. దాని పాదం ముందు వైపు వెడల్పు. పొడవు చూసి తీసుకుంటే చిటికెన వేలి దగ్గర ఒత్తుతుంది. వెడల్పు కోసం పెద్దది తీసుకుంటే మడమ జారుతుంది. ఫిబ్రవరిలో కుడికాలి బొటనవేలి గోరు లోపలికి పెరిగి చీము పట్టింది. వారం రోజులు చెప్పులతోనే బడికి పంపాను. అంతకుముందు నెల రోజులు నొప్పి ఎవరికీ చెప్పకుండా నడిచిందట. "కొత్తవి కదమ్మా, తిడతావనుకున్నా" అంది. ఆ మాట విన్నాక నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఈసారి కొంచెం డబ్బు ఎక్కువైనా సరే, కాలికి సరిగ్గా పట్టేవి, ఏడాది నిలిచేవి కొనాలనుకుంటున్నాను. ఏ కంపెనీ అని కాదు, అసలు షూ ఎలా చూసి తీసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి. వరంగల్, హన్మకొండలో ఎక్కడ కొన్నా పర్వాలేదు.

కాజీపేట నాన్న | మే 22, రాత్రి 10:05

అక్కా, మా ఇంట్లో ముగ్గురు మగపిల్లలు. రెండు సైజులు పెద్దవి తీసుకుని ముందు దూది కుక్కుతాం. రెండేళ్లు వస్తాయి. పెద్దవాడివి చిన్నవాడికి. ఏటా కొత్తవి కొనే స్తోమత అందరికీ ఉండదు కదా.

షాపులో పాతికేళ్లు | మే 23, ఉదయం 7:15

వరంగల్ చౌరస్తా దగ్గర చెప్పుల షాపులో ఇరవై అయిదేళ్లు పనిచేశాను. ఇప్పుడు మానేసి ఇంటి దగ్గర ఉంటున్నాను. ఏటా మే చివరి వారం నుంచి జూన్ ఇరవై దాకా కూర్చునే తీరిక ఉండేది కాదు. వేల మంది పిల్లల కాళ్లకు షూ తొడిగిన చేతులివి, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు కాజీపేట తమ్ముడికి. రెండు సైజులు పెద్దవి తీసుకోవడం పొదుపు అని చాలామంది అనుకుంటారు. మన దగ్గర దొరికేవి ఎక్కువగా యూకే సైజులు. పిల్లల సైజు 13 దాకా వెళ్లి మళ్లీ 1 నుంచి మొదలవుతుంది. సైజుకూ సైజుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. రెండు సైజులంటే 17 మిల్లీమీటర్లు. బడి వయసు పిల్లల పాదం ఏడాదికి ఇంచుమించు 8 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. సరైన సైజులోనే వేళ్ల ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉంటుంది. దాని మీద ఇంకో 17 మిల్లీమీటర్లు కలిస్తే ఆ షూలో కాలు ఉండదు, జారుతుంది.

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు. ప్రతి షూకూ వంగే చోటు ఒకటి ఉంటుంది. మనం అడుగు ఎత్తేటప్పుడు వేళ్ల మొదట్లో పాదం వంగుతుంది చూడండి, సోల్ కూడా సరిగ్గా అక్కడే వంగేలా తయారు చేస్తారు. షూ పెద్దదైతే పాదం వంగే చోటు వెనక్కి పడుతుంది. సోల్‌లో గట్టిగా ఉండే భాగాన్ని పిల్లవాడు రోజుకు కొన్ని వేలసార్లు వంచుతాడు. అక్కడే పై తోలు ముడతలు పడి పగులుతుంది, అంటు ఊడుతుంది. పెద్ద సైజు షూ ఎక్కువ కాలం వస్తుందనుకుంటాం కానీ అదే ముందు పోతుంది. దూది పెడితే కాలు ముందుకు జారదు, అంతే. వంగే చోటు మారదు.

హన్మకొండ చెల్లెమ్మా, బాబు రెండో జత వేళ్ల దగ్గర అడ్డంగా పగిలిందన్నారు. అది ఏ సైజు? కొన్నప్పుడు పెద్దది తీసుకున్నారా?

హన్మకొండ అమ్మ | మే 23, ఉదయం 8:02

అవును అన్నా. మొదటిది మూడు నెలలకే పోయిందన్న కోపంతో రెండో జత రెండు సైజులు పెద్దది తీసుకున్నాం. మీరు చూసినట్టే చెప్పారు.

జగిత్యాల అమ్మమ్మ | మే 23, ఉదయం 11:30

మా కాలంలో పిల్లల్ని అంగడికి ఎవరు తీసుకెళ్లేవాళ్లు బిడ్డా. మా నాయన చీపురుపుల్ల తెచ్చి మా కాలి కింద పెట్టి, మడమ నుంచి వేలి కొస దాకా విరిచి, రుమాలులో కట్టుకుని పోయేవాడు. ఒక్కొక్కరికి ఒక్కో పుల్ల. ఎవరి పుల్ల ఏదో గుర్తుకు దారం కట్టేది మా అమ్మ. అంగట్లో చెప్పు మీద పుల్ల పెట్టి చూసి తెచ్చేవాడు. ఏనాడూ చిన్నవి కాలేదు, పెద్దవి కాలేదు. ఇప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్లి కూడా అంత సరిగ్గా తేవడం లేదు.

షాపులో పాతికేళ్లు | మే 23, మధ్యాహ్నం 12:10

అమ్మా, దండాలు. మీ నాయన పుల్లనే నేను ఇప్పుడు చెప్పబోయేది. షూకు ఇంకా బాగా పనికొస్తుంది, ఎందుకంటే షూ లోపల ఏముందో బయటికి కనపడదు.

సాయంత్రం పూట కొలవాలి. పొద్దంతా నడిచి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. పిల్లవాడిని గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబెట్టండి. కూర్చోబెట్టి కొలిస్తే తప్పు వస్తుంది, బరువు పడితేనే పాదం సాగుతుంది. రెండు కాళ్లూ కొలవండి, ఒకేలా ఉండవు. పెన్సిల్ నిటారుగా పట్టుకుని పొడవైన వేలి దగ్గర గీత పెట్టండి. కొందరికి బొటనవేలి కన్నా పక్క వేలే పొడుగు, దాన్నే లెక్కలోకి తీసుకోండి. పెద్ద పాదం పొడవుకు 12 మిల్లీమీటర్లు కలిపి చీపురుపుల్ల విరవండి.

షాపులో ఆ పుల్లను షూ లోపల మడమ నుంచి ముందు దాకా పెట్టండి. వంగకుండా సరిగ్గా పడితే అదే సైజు. వంగితే చిన్నది. ముందుకూ వెనక్కూ కదిలితే పెద్దది. లోపలి అట్ట ఊడి వచ్చే రకమైతే ఇంకా మంచిది. అట్ట బయటికి తీసి దాని మీద పిల్లవాడిని నిలబెడితే పొడవు, వెడల్పు రెండూ కళ్లకు కనపడతాయి. పాదం అట్ట అంచు దాటి పక్కకు వస్తే ఆ షూ ఒత్తుతుంది.

డబ్బా మీద రాసిన నంబరును నమ్మకండి. ఒక కంపెనీ 1 ఇంకో కంపెనీ 13 అంత ఉంటుంది. షాపతను "వాడితే వదులవుతుంది" అంటే అది అసలు తోలు షూ విషయంలో కొంత నిజం. ఇప్పుడు బడి షూలో ఎక్కువ భాగం సింథటిక్. అది పక్కలకు సాగదు. మొదటి రోజు ఒత్తితే చివరి రోజూ ఒత్తుతుంది.

హన్మకొండ అమ్మ | మే 23, రాత్రి 8:50

ఇప్పుడే కొలిచాను. బాబు ఎడమ పాదం 19.4 సెంటీమీటర్లు, కుడి 19.8. మూడో జత షూ ఉంది కదా, అందులో పుల్ల పెట్టి చూశాను. లోపల పొడవు 19.9! కుడికాలికి ఒక్క మిల్లీమీటరు ఖాళీ. సాక్సు వేస్తే అదీ లేదు. అందుకే వాడి నడక అలా ఉంది. పరీక్షలన్నీ అవే వేసుకుని రాశాడు. నేను చిరగలేదు కదా అని సంతోషిస్తున్నాను.

పాప కుడి 22.6, ఎడమ 22.4. వేళ్ల మొదట్లో వెడల్పు 9.2. పొడవుకు 12 మిల్లీమీటర్లు కలిపి పుల్ల విరుస్తాను, వెడల్పుకు ఏం చేయాలి?

కరీంనగర్ ఫిజియో | మే 24, ఉదయం 6:40

మేడమ్, నేను ఫిజియోథెరపిస్టుని. వెడల్పు సమస్య మీ పాప ఒక్కదానిదే కాదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ, సీఎల్ఆర్ఐ, దేశవ్యాప్తంగా లక్ష మందికి పైగా పాదాలను కొలిచింది. మనవాళ్ల పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాల కన్నా వెడల్పని తేలింది. కానీ మనం వాడేవి వాళ్ల కొలతలే. పొడవు సరిపోతే వెడల్పు చాలదు, వెడల్పు చాలడానికి సైజు పెంచుతాం. మన పాదాలకు తగ్గట్టు "భా" అనే కొత్త సైజుల పద్ధతిని ఆ సంస్థే ప్రతిపాదించింది. అది మన షాపుల దాకా వచ్చేవరకు మనమే చూసుకోవాలి.

మీ పాపకు బడిలో ఒక బకిల్ ఉండే షూ అడుగుతున్నారా? ఆ రకం ముందు భాగం చాలావాటిలో సన్నగా ఉంటుంది. పైన ఒక్క పట్టీనే కాబట్టి మీగాలు దగ్గర పట్టు తక్కువ. పట్టు లేకపోతే పాదం ముందుకు జారి వేళ్లు కొసకు గుద్దుకుంటాయి. గోరు లోపలికి పెరగడానికి అదొక కారణం. గోరు మూలలు గుండ్రంగా లోపలికి కత్తిరించడం ఇంకో కారణం. నేరుగా అడ్డంగా కత్తిరించండి. వీలైతే లేసులు ఉండే, ముందు గుండ్రంగా ఉండే షూ తీసుకోండి. మగపిల్లల వరుసలో వెతికినా తప్పు లేదు, అవి సాధారణంగా కాస్త వెడల్పుగా ఉంటాయి. లేసు మీగాలిని గట్టిగా పట్టుకుంటే మడమ జారదు, ముందు వేళ్లకు చోటు ఉంటుంది.

ఇంకొకటి, సాక్సులు. షూ మార్చి పాత పొట్టి సాక్సులే తొడిగితే అవి కూడా వేళ్లను వెనక్కి లాగుతాయి.

నర్సంపేట అక్క | మే 24, ఉదయం 9:20

డాక్టర్ గారూ, మా బాబుకు ఆరేళ్లు. అరికాలు పూర్తిగా చదునుగా ఉంది. తడికాలితో నడిస్తే పాదం అంతా ముద్ర పడుతుంది. షాపులో ఒకాయన స్పెషల్ షూ వేయించాలి, లేకపోతే కాళ్లు వంకరపోతాయి అన్నాడు. టెన్షన్‌గా ఉంది.

కరీంనగర్ ఫిజియో | మే 24, మధ్యాహ్నం 1:15

భయపడకండి అక్కా. ఆ వయసులో చాలామందికి అలాగే ఉంటుంది, ఎదిగే కొద్దీ వంపు వస్తుంది. బాబును మునివేళ్ల మీద నిలబడమనండి. అప్పుడు అరికాలిలో వంపు కనిపిస్తే, నొప్పి లేకపోతే, మామూలు షూ చాలు. ఇంట్లో చెప్పుల్లేకుండా తిరగనివ్వండి, పాదంలో కండరాలకు బలం వస్తుంది. నొప్పి ఉన్నా, ఒక్క కాలే చదునుగా ఉన్నా, మునివేళ్ల మీద నిలబడ్డా వంపు రాకపోయినా ఎముకల డాక్టరుకు చూపించండి. షాపులో చెప్పే మాట మీద స్పెషల్ షూ కొనొద్దు.

గోదావరిఖని నాన్న | మే 24, రాత్రి 10:30

నేను సింగరేణి కార్మికుణ్ని. గనిలోకి దిగేటప్పుడు కాలికి సరైన షూ లేకపోతే దిగనివ్వరు. కొత్తగా చేరినప్పుడు ఒకసారి నా సైజు కాని షూతో ఒక షిఫ్టు పనిచేశాను. పైకొచ్చేసరికి మడమలు రెండూ బొబ్బలెక్కి రక్తం. ఆ రోజు నుంచి షూ విషయంలో రాజీ పడను. పిల్లలు కూడా పొద్దున ఎనిమిదికి వేసుకుంటే సాయంత్రం అయిదు దాకా విప్పరు. వాళ్లకూ అది ఒక షిఫ్టే. మనం ఆఫీసులో టేబుల్ కింద విప్పుకుంటాం, వాళ్లు విప్పితే టీచర్ ఊరుకోరు.

నేను షాపులో మూడు పరీక్షలు చేస్తాను. మడమ వెనక భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కుతాను. లోపలికి పోయి అట్టలా నలిగితే వద్దు. అది గట్టిగా ఉంటేనే మడమ నిలబడుతుంది. ముందూ వెనకా పట్టుకుని వంచుతాను. వేళ్ల దగ్గర వంగాలి, నడుమ వంగకూడదు. తర్వాత తడిబట్ట పిండినట్టు మెలితిప్పుతాను. సులువుగా తిరిగిపోతే అది నాలుగు నెలల షూ.

కాజీపేట నాన్న | మే 25, ఉదయం 7:00

అందరూ చెప్పింది చదివాను. తప్పని అనడం లేదు. కానీ ముగ్గురికీ వెయ్యి చొప్పున మూడు వేలు. దాని మీద సాక్సులు, బెల్టు, యూనిఫాం కుట్టుకూలి, పుస్తకాలు, ఫీజు, అన్నీ జూన్ ఒక్క నెలలోనే. పెద్దవాడివి చిన్నవాడికి వేయకపోతే మాకు గడవదు. అది కూడా తప్పేనా?

కరీంనగర్ ఫిజియో | మే 25, ఉదయం 8:45

తప్పు కాదు అన్నా. ఒకటి చూసుకోండి. పాత షూను బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి. మడమ ఒక వైపు అరిగి, షూ పక్కకు ఒరిగి ఉంటే చిన్నవాడికి వేయకండి. పెద్దవాడి నడక ఆ షూలో అచ్చు పడింది, అది చిన్నవాడి కాలిని కూడా అటే తోస్తుంది. సోల్ సమానంగా ఉంటే, లోపలి అట్ట కొత్తది వేసి, పుల్లతో కొలిచి నిరభ్యంతరంగా వేయండి.

షాపులో పాతికేళ్లు | మే 25, ఉదయం 9:30

తమ్ముడూ, నీ కష్టం అర్థమైంది. ఖరీదైనదే మంచిదని నేను ఎప్పుడూ అనను. వెయ్యి రూపాయల జతలో చెత్త చూశాను, ఆరు వందల జతలో గట్టిది చూశాను. ఒక సైజు పెద్దది తీసుకో, రెండు వద్దు. లేసులదే తీసుకో, కొంచెం వదులున్నా బిగించుకోవచ్చు. వెల్క్రో చిన్నపిల్లలకు సులువే కానీ దుమ్ము, నూలు పోగులు పట్టి ఏడాదిలోపే అంటుకోవడం మానేస్తుంది. పాత దువ్వెనతో వారానికోసారి దువ్వితే కొంతకాలం నడుస్తుంది.

ఇంకో మాట, 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 లోపు చెప్పులు, షూ మీద జీఎస్టీ అయిదు శాతమే. అంతకుముందు వెయ్యి లోపు వాటికి 12, వెయ్యి దాటితే 18 ఉండేది. పాత ధర స్టిక్కరు ఉంటే అడుగు. అప్పుడే డబ్బా మీద తయారైన నెల కూడా చూడు. తేలికగా మెత్తగా ఉండే పీయూ సోల్ వాడకుండా పెట్టినా గాలిలో తేమకు లోలోపల పాడవుతుంది. రెండు మూడేళ్ల పాత సరుకు సగం ధరకు ఇస్తే తీసుకోవద్దు. చూడ్డానికి కొత్తగా ఉంటుంది, వేసుకున్న వారానికి సోల్ రొట్టెముక్కలా రాలిపోతుంది.

ములుగు రోడ్డు తమ్ముడు | మే 25, రాత్రి 9:10

మా నాన్న ముప్పై ఏళ్లు చెప్పులు కుట్టాడు. పొద్దున్నుంచి ఈ చర్చ ఆయనకు చదివి వినిపిస్తున్నాను. ఆయన చెప్పమన్న మాటలు రాస్తున్నాను.

షూ పాడయ్యాక తెస్తారు, కొత్తగా ఉన్నప్పుడే తేవాలి. సోల్ అంటు మీదే నిలబడి ఉంటుంది చాలావాటికి. అంచు మీద కనిపించే దారం కొన్నింటిలో ఉత్త అచ్చు, నిజమైన కుట్టు కాదు. గోరుతో గీకితే తెలుస్తుంది, దారం కదలాలి. కుట్టు లేకపోతే కొన్న వెంటనే చుట్టూ కుట్టు వేయించుకోండి. అంటు ఊడి లోపలికి నీళ్లు, మట్టి చేరాక కుట్టినా అంత గట్టిగా రాదు. రబ్బరు సోల్, టీపీఆర్ అనే రబ్బరు లాంటి ప్లాస్టిక్ సోల్ కుట్టు బాగా పట్టుకుంటాయి. స్పాంజిలా మెత్తగా ఉండే సోల్‌కు దారం కోసుకుపోతుంది, అక్కడ కుట్టకూడదు, అంటించే మందు పెట్టి బిగించాలి. ఏ సోల్‌కు ఏం చేయాలో కుట్టే ఆయన్ని అడిగితే చెబుతారు.

ఇంకోటి అన్నాడు నాన్న. సైకిల్ తొక్కే పిల్లలు బ్రేకు పట్టకుండా షూ ముందు భాగం నేలకు రాసి ఆపుతారు. ఆ కొస చూస్తే ఏ పిల్లవాడు ఎలా తొక్కుతాడో ఆయనకు తెలిసిపోయేదట. అలాంటివాళ్లకు ముందు వైపు సోల్ పైకి మడిచి ఉన్న రకం తీసుకోవాలి.

హన్మకొండ అమ్మ | మే 25, రాత్రి 9:45

తమ్ముడూ, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. బాబు మొదటి జత సరిగ్గా ఆ కొస దగ్గరే నోరు తెరిచింది. వాడు సైకిల్ తొక్కుతాడు.

ఇంకో చిక్కు ఉంది. పాప బడిలో ఆడపిల్లలకు బకిల్ షూనే అని రాసి ఇచ్చారు. ఫలానా షాపులో దొరుకుతాయని చీటీ కూడా ఇచ్చారు. లేసులవి వేయొచ్చా?

పరకాల టీచర్ | మే 26, సాయంత్రం 6:20

మీ బడి సీబీఎస్ఈ అయితే, పుస్తకాలు, యూనిఫాం, షూ ఫలానా చోటే కొనాలని బలవంతం చేయొద్దని ఆ బోర్డు 2017లోనే బడులకు రాసింది. కానీ గొడవ పెట్టుకోకుండా ముందు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి పాప గోరు సంగతి చెప్పండి, డాక్టరు చీటీ ఉంటే చూపించండి. నల్ల రంగు, మూసిన షూ అయితే చాలావరకు ఒప్పుకుంటారు.

నేను ప్రభుత్వ బడిలో చెబుతాను. మా దగ్గర చాలామంది పిల్లలు చెప్పులతోనే వస్తారు. వాన పడినప్పుడు తెగిన చెప్పు చేత్తో పట్టుకుని నల్లరేగడి బురదలో నడిచి వస్తారు. ఎవరైనా పిల్లల షూ చిన్నవై మంచి స్థితిలో ఉంటే అటకెక్కించకుండా దగ్గర్లోని బడిలో ఇవ్వండి. లోపల పొడవు కొలిచి కాగితం మీద రాసి పెడితే, ఎవరికి సరిపోతాయో మేము చూసుకుంటాం. పోయిన ఏడాది ఇలా వచ్చిన పదకొండు జతల్లో తొమ్మిది మా పిల్లలకు సరిపోయాయి. గురుకులాల్లో పిల్లలున్న తల్లిదండ్రులకు కూడా ఒక మాట. కలవడానికి వెళ్లినప్పుడు సకినాలు, అరిసెలతో పాటు ఒక పుల్ల కూడా తీసుకెళ్లండి. హాస్టల్ పిల్లలు షూ బిగుతైందని ఫోన్‌లో చెప్పరు.

హన్మకొండ అమ్మ | జూన్ 7, రాత్రి 9:00

కొన్నాం. వివరంగా రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

సాయంత్రం అయిదున్నరకు చౌరస్తాకు వెళ్లాం. పిల్లల బడి సాక్సులు, రెండు పుల్లలు సంచిలో పెట్టుకున్నాను. మొదటి షాపులో పుల్ల తీయగానే ఆ అబ్బాయి వింతగా చూశాడు. లోపల పెట్టి చూపించాక తనే మూడు డబ్బాలు తెచ్చి అన్నింట్లో పెట్టి చూశాడు. ఒకే నంబరు, మూడు కంపెనీలు, మూడు కొలతలు. 20.6, 21.0, 21.3.

బాబుకు లోపల పొడవు 21.0 ఉన్న వేరే జత తీసుకున్నాం. మూడో షాపులో దొరికింది. లేసులు, ముందు సోల్ పైకి మడిచి ఉంది, మడమ గట్టిగా ఉంది. ధర 895. వాడికి లేసు కట్టడం రాదని భయపడ్డాను, రెండు రోజుల్లో నేర్చుకున్నాడు. మరునాడే తీసుకెళ్లి చుట్టూ కుట్టు వేయించాను, 80 రూపాయలు.

పాపకు ఆలస్యమైంది. ఆడపిల్లల వరుసలో ఏడు జతలు చూశాం. ప్రతి దాంట్లో అట్ట తీసి నిలబెడితే చిటికెన వేలు అంచు మీదే ఉంది. చివరికి మగపిల్లల వరుసలో గుండ్రటి ముందు ఉన్నది దొరికింది. తొడుక్కుని షాపు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, "అమ్మా, వేళ్లు కదులుతున్నాయి" అంది. ప్రిన్సిపాల్ గారిని అంతకుముందే కలిశాను, నల్లవైతే చాలన్నారు. ధర 1,150.

ఇద్దరికీ ఇంట్లో గచ్చు మీద రోజూ గంటసేపు వేసి తిప్పుతున్నాను. మచ్చ పడకపోతే మార్చుకోవచ్చని షాపులో బిల్లు మీద రాయించుకున్నాను.

షాపులో పాతికేళ్లు | జూన్ 8, ఉదయం 6:50

ఆ బిల్లు మీద రాయించుకోవడం నేను చెప్పడం మరిచిపోయిన మాట. సంతోషం చెల్లెమ్మా.

నర్సంపేట అక్క | జూలై 16, రాత్రి 8:15

నాలుగు రోజులుగా ముసురు. షూ తడిసి రాత్రికి ఆరడం లేదు. పొయ్యి దగ్గర పెడితే ఆరుతాయి కానీ గట్టిపడుతున్నాయి. ఏం చేస్తున్నారు?

ములుగు రోడ్డు తమ్ముడు | జూలై 16, రాత్రి 8:40

పొయ్యి దగ్గర వద్దక్కా, అంటు కరిగి సోల్ ఊడుతుంది. ఎర్రటి ఎండలో కూడా వద్దు. లేసులు విప్పి, నాలుక బయటికి లాగి, లోపలి అట్ట తీసి విడిగా ఆరబెట్టండి. లోపల పాత పేపరు ఉండలు చుట్టి కుక్కండి. గంట తర్వాత తడి పేపరు తీసి పొడిది పెట్టండి. ఫ్యాన్ కింద పక్కకు పడుకోబెట్టండి, నేల మీద నిలబెడితే కింద గాలి ఆడదు. పొద్దునకు చాలావరకు ఆరిపోతాయి. బాగా ఆరాకే పాలిష్ పెట్టాలి, తడి మీద పెడితే తడి లోపలే ఉండిపోతుంది.

కరీంనగర్ ఫిజియో | జూలై 16, రాత్రి 10:00

షూ ఆరకపోతే ఆ రోజు చెప్పులతో పంపండి, డైరీలో రాసి ఇవ్వండి. తడి షూలో రోజంతా ఉంటే వేళ్ల మధ్య ఫంగస్ పడుతుంది. ఇంటికి రాగానే కాళ్లు కడిగి వేళ్ల సందులు పొడిబట్టతో తుడవడం అన్నింటికన్నా ముఖ్యం. సాక్సులు నైలాన్‌వి కాకుండా నూలు ఎక్కువ ఉన్నవి, ఒక జత అదనంగా బ్యాగులో పెట్టండి.

గోదావరిఖని నాన్న | జూలై 17, ఉదయం 5:20

వానాకాలంలో అడుగు కూడా చూడండి. గట్టి నున్నటి పీవీసీ సోల్ తడి షాబాదు బండ మీద సబ్బులా జారుతుంది. మా పాప బడి మెట్ల మీద పడింది, మోచెయ్యి గీసుకుపోయింది. సోల్ కింద గాట్లు లోతుగా ఉండాలి. అరిగి నున్నగా అయితే పైన ఎంత మెరిసినా మార్చాల్సిందే.

హన్మకొండ అమ్మ | సెప్టెంబర్ 27, రాత్రి 9:15

మూడు నెలలు దాటింది. వానలన్నీ అయిపోయాయి, బాబు షూ కుట్టు ఒక్క పోగు కూడా ఊడలేదు. కొస కొంచెం గీసుకుంది, అంతే. పాప గోరు మళ్లీ లోపలికి పెరగలేదు.

ఇవాళ సాయంత్రం ఇద్దరినీ మళ్లీ నిలబెట్టి కొలిచాను. బాబు కుడి 20.1. మూడు మిల్లీమీటర్లు పెరిగాడు, ముందు ఇంకా తొమ్మిది ఉంది. పాప 22.8. బడి తెరిచేటప్పుడు, దసరాకు, సంక్రాంతికి, మార్చి పరీక్షల ముందు కొలిచి తలుపు వెనక తేదీతో రాస్తున్నాను.

కాజీపేట నాన్న | సెప్టెంబర్ 27, రాత్రి 10:10

అక్కా, నేను కూడా ముగ్గురికీ పుల్లతో చూశాను. పెద్దవాడికి బాగుంది. చిన్నవాడికి అన్న షూ వేశాం కదా, మడమ సమానంగానే ఉంది, కొత్త అట్ట వేశాక సరిపోయింది. నడిమివాడికే నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు. అడిగితే "బానే ఉంది నాన్నా" అన్నాడు. సాక్సు విప్పి చూస్తే బొటనవేలి కొస ఎర్రగా కంది ఉంది. వాడెప్పుడూ ఏదీ అడగడు. రేపు తీసుకెళ్తున్నాను, వాడికి కొత్తవే కొంటాను. పొద్దున వెళ్లనా, సాయంత్రమా?

షాపులో పాతికేళ్లు | సెప్టెంబర్ 27, రాత్రి 10:25

సాయంత్రం అయిదు తర్వాత తమ్ముడూ. చౌరస్తాలో రద్దీ ఉంటుంది, బండి దూరంగా పెట్టి నడిపించుకుని వెళ్లు, పాదం కూడా సాగుతుంది. బడి సాక్సులు మరిచిపోకు.